‘క్రమం తప్పకుండా’ అంటే? బడి రోజుల్లో కుటుంబ ప్రయాణాలు, ఇంగ్లండ్ చట్టం

ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 1996 నాటి విద్యాచట్టంలో 444వ సెక్షన్ ఒక చిన్న వాక్యంతో మొదలవుతుంది. నిర్బంధ విద్యా వయస్సులో ఉండి, ఏదైనా బడిలో పేరు నమోదైన పిల్ల ఆ బడికి క్రమం తప్పకుండా హాజరు కాకపోతే, ఆ పిల్ల తల్లి లేదా తండ్రి నేరం చేసినట్టే అని ఆ వాక్యం సారాంశం. నేరం పిల్లది కాదు, పెద్దలది. ఉద్దేశంతో పని లేదు. పిల్ల బడిలో లేదన్న వాస్తవం ఒక్కటే చాలు.

ఈ వాక్యంలో బరువంతా ‘క్రమం తప్పకుండా’ అని ఇక్కడ తెలుగు చేసిన ఆంగ్ల క్రియావిశేషణం మీద ఉంది. తెలుగులో ఆ మాటలోనే ‘తప్పకుండా’ అన్నది ఉంది కనుక, ఒక్క రోజు తప్పినా క్రమం తప్పినట్టే అని వినిపిస్తుంది. ఆంగ్లపదం అంత స్పష్టమైనది కాదు. వారానికోసారి గుడికి వెళ్ళే మనిషికీ, తరచుగా నడకకు వెళ్ళే మనిషికీ, నియమం ప్రకారం పన్ను కట్టే మనిషికీ అదే మాట వాడతారు. ఆ మూడు అర్థాల్లో చట్టం దేనిని ఉద్దేశించిందో తేల్చడానికి 2017లో ఆ దేశపు సుప్రీం కోర్టు కూర్చోవలసి వచ్చింది. ఆ వివాదానికి మూలం ఒక పాప ఏడు బడిరోజులు మాని ఫ్లోరిడాకు వెళ్ళిన విహారయాత్ర.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఉంటూ, ఊళ్ళో పెళ్ళికో, పెద్దవాళ్ళను చూడడానికో పిల్లలతో ప్రయాణం కట్టే ప్రతి తెలుగు కుటుంబానికీ ఆ తీర్పు వర్తిస్తుంది. అది ఎలా వచ్చింది, ఇప్పుడు అమలులో ఉన్న నిబంధనలు ఏమిటి, వాటి వెనుక ఉన్న వాదాల్లో ఏది ఎంత బలమైనది అన్నవి విడివిడిగా చూడవలసిన విషయాలు.

హాప్ తోటల నుంచి పెనాల్టీ నోటీసు దాకా

పిల్లలను బడికి పంపడం తల్లిదండ్రుల చట్టబద్ధ విధి అన్న భావన ఇంగ్లండ్‌లో మరీ పాతది కాదు. 1870 నాటి ప్రాథమిక విద్యాచట్టం స్థానిక స్కూల్ బోర్డులకు హాజరు నిబంధనలు చేసుకునే అధికారం ఇచ్చింది. 1880 నాటి చట్టం ఆ నిబంధనలు చేయడాన్ని తప్పనిసరి చేసి, అయిదేళ్ళ నుంచి పదేళ్ళ వరకు పిల్లలు బడిలో ఉండాలని విధించింది. అప్పట్లో అడ్డు నిలిచినవి విహారయాత్రలు కావు, పనులు. మిల్లులో, పొలంలో, ఇంట్లో పిల్లల చేతులు అవసరమైన కుటుంబాలకు బడి ఒక నష్టం. కెంట్ ప్రాంతంలో బీరు తయారీకి వాడే హాప్ పూలు కోసే కాలం వస్తే లండన్ తూర్పు పేటల నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో తోటలకు తరలివెళ్ళేవి. కెంట్‌లోని బడులు తమ సెలవులను ఆ కోతల కాలానికి అనుగుణంగా జరుపుకున్నాయి. బడి క్యాలెండరు ఆకాశం నుంచి ఊడిపడినది కాదనీ, ఎవరో ఒకరి జీవనక్రమాన్ని అనుసరించి తయారైందనీ గుర్తుంచుకోవడానికి ఈ ఉదాహరణ పనికివస్తుంది.

1944 నాటి విద్యాచట్టం ఈ విధిని దేశమంతటికీ ఒకే రూపంలో రాసింది. దాని మాటలే దాదాపు యథాతథంగా 1996 చట్టంలోకి వచ్చాయి. 2000లో మరొక అంచె చేరింది: పిల్ల బడికి పోవడం లేదని తెలిసి కూడా, సమంజసమైన కారణం లేకుండా ఊరుకున్న తల్లిదండ్రులకు మరింత కఠినమైన శిక్ష. దానిలో 2,500 పౌండ్ల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు. తెలిసినా తెలియకపోయినా వర్తించే సాధారణ నేరానికి గరిష్ఠ జరిమానా 1,000 పౌండ్లు. 2003 నాటి మరో చట్టం కోర్టు దాకా వెళ్ళనక్కరలేని పెనాల్టీ నోటీసును ప్రవేశపెట్టింది. గడువులోగా ఆ మొత్తం కడితే విచారణ ఉండదు. కట్టకపోతే కేసు నడుస్తుంది.

ఇంత ఉన్నా, 2013 దాకా ఒక వెసులుబాటు ఉండేది. 2006 నాటి నమోదు నిబంధనల ప్రకారం, ప్రత్యేక పరిస్థితుల్లో కుటుంబ ప్రయాణం కోసం ఏడాదిలో పది బడిరోజుల వరకు సెలవు ఇచ్చే అధికారం హెడ్ టీచరుకు ఉండేది. కాలక్రమంలో చాలామంది తల్లిదండ్రులు దాన్ని తమ హక్కుగా భావించారు. హాజరు గురించి ప్రభుత్వం కోసం చార్లీ టేలర్ 2012లో ఇచ్చిన నివేదిక ఈ ధోరణిని తప్పుబట్టింది. 2013 సెప్టెంబరు 1 నుంచి ‘కుటుంబ సెలవు’ అన్న మాటే నిబంధనల నుంచి తొలగిపోయింది. అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప సెలవు ఇవ్వరాదన్నది మిగిలింది. ఈ మార్పు ఇంగ్లండ్‌కే పరిమితం. అదే 1996 చట్టం వర్తించే వేల్స్‌లో పది రోజుల విచక్షణ నేటికీ హెడ్ టీచరు చేతిలో ఉంది. బ్రిస్టల్‌లో ఉన్న కుటుంబానికీ, సెవర్న్ నది దాటి కార్డిఫ్‌లో ఉన్న కుటుంబానికీ చట్టం ఒకటే, నిబంధన వేరు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో అసలు ఈ పెనాల్టీ నోటీసుల పద్ధతే లేదు.

ఒక మాట, మూడు అర్థాలు

2015 ఏప్రిల్‌లో ఐల్ ఆఫ్ వైట్ దీవికి చెందిన జాన్ ప్లాట్ తన కూతురిని ఫ్లోరిడా తీసుకువెళ్ళడానికి బడిని సెలవు అడిగారు. హెడ్ టీచరు నిరాకరించారు. కుటుంబం వెళ్ళింది, పాప ఏడు బడిరోజులు మానింది. కౌన్సిల్ 60 పౌండ్ల పెనాల్టీ నోటీసు పంపింది. అది కట్టకపోవడంతో నిబంధన ప్రకారం 120 అయింది. అదీ కట్టలేదు. కేసు మేజిస్ట్రేట్ల ముందుకు వచ్చినప్పుడు ఆయన వాదన సూటిగా ఉంది: ప్రయాణం తరువాత కూడా పాప హాజరు తొంభై శాతం పైనే ఉంది, అంత హాజరు ఉన్న పిల్ల క్రమంగా బడికి రావడం లేదని ఎలా అంటారు? మేజిస్ట్రేట్లు ఆ వాదనను అంగీకరించి కేసు కొట్టివేశారు. 2016 మేలో హైకోర్టు దాన్ని సమర్థించింది. ఆ ఏడాది వేసవిలో చాలా కౌన్సిళ్ళు నోటీసులు పంపాలా వద్దా అన్న సందిగ్ధంలో పడ్డాయి.

2017 ఏప్రిల్ 6న సుప్రీం కోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ఆ తీర్పులను తోసిపుచ్చింది. తీర్పు రాసిన లేడీ హేల్ ఆ మాటకు మూడు అర్థాలు సాధ్యమన్నారు. ఒకటి, సమాన వ్యవధుల్లో రావడం. రెండు, చాలినంత తరచుగా రావడం. మూడు, బడి విధించిన నియమాల ప్రకారం రావడం. మొదటిది నిలబడదు, ప్రతి సోమవారం మాత్రమే బడికి వచ్చే పిల్ల కూడా సమాన వ్యవధుల్లో వచ్చినట్టే. అసలు పోటీ రెండవ, మూడవ అర్థాల మధ్య.

రెండవ అర్థాన్ని తిరస్కరించడానికి చూపిన కారణాలు ఆసక్తికరమైనవి. 1944కు ముందున్న స్థానిక నిబంధనలు బడి తెరిచి ఉన్నంతసేపూ పిల్ల అక్కడ ఉండాలనేవి. విద్యను విస్తరించడానికే వచ్చిన 1944 చట్టం ఆ విధిని సడలించాలనుకున్నదని ఊహించలేం. పైగా చట్టమే కొన్ని మినహాయింపులు ఇచ్చింది: అనుమతించిన సెలవు, జబ్బు, తప్పించుకోలేని కారణం, తల్లిదండ్రుల మతసంస్థ ప్రత్యేకంగా పాటించే పర్వదినం. ఒక్క పండుగరోజుకు కూడా మినహాయింపు రాయవలసి వచ్చిందంటే, ఆ మినహాయింపు లేకపోతే ఆ ఒక్క రోజు మానడం కూడా నేరమయ్యేదని అర్థం. చివరిది నేరచట్టానికి ఉండవలసిన స్పష్టత. ఎన్ని రోజులు మానితే ‘చాలినంత’ కాదో ముందుగా ఎవరికీ తెలియనప్పుడు, ఏది నేరమో తెలుసుకునే దారి తల్లిదండ్రులకు ఉండదు.

అలా మూడవ అర్థం నిలిచింది: బడి నియమాల ప్రకారం హాజరు కావడమే క్రమం తప్పకుండా హాజరు కావడం. ఒక్క రోజు అనుమతి లేకుండా మానినా సూత్రరీత్యా నేరమే అవుతుందన్న అభ్యంతరాన్ని కోర్టు దాటవేయలేదు. ప్రతి చిన్న తప్పునూ విచారణకు పంపనక్కరలేదనీ, పెనాల్టీ నోటీసులూ, శిక్ష లేకుండా విడిచిపెట్టే అధికారాలూ అందుకే ఉన్నాయనీ సమాధానం చెప్పింది. ఎంత ఖర్చయినా, ఎంత ఇబ్బంది అయినా నియమం పాటించే తల్లిదండ్రులకు, పాటించనివారి వల్ల అన్యాయం జరుగుతుందన్నది తీర్పులోని మరో వాదం. కేసు మళ్ళీ మేజిస్ట్రేట్ల దగ్గరకు వెళ్ళింది. అదే ఏడాది జూన్‌లో ఆ తండ్రిని దోషిగా నిర్ణయించి, షరతులతో విడిచిపెట్టి, ఖర్చుల కింద 2,000 పౌండ్లు కట్టమన్నారు. అరవై పౌండ్లతో మొదలైన వివాదం అక్కడ ముగిసింది.

ఇప్పటి లెక్కలు

2024 ఆగస్టు 19 నుంచి ఇంగ్లండ్ అంతటా ఒకే పద్ధతి అమలులోకి వచ్చింది. అంతకుముందు ఎన్ని రోజులకు నోటీసు పంపాలన్నది కౌన్సిల్‌ను బట్టి మారేది. ఇప్పుడు బడిరోజును ఉదయం, మధ్యాహ్నం రెండు పూటలుగా లెక్కిస్తారు. వరుసగా పది బడివారాల వ్యవధిలో పది పూటలు, అంటే అయిదు రోజులు, అనుమతి లేకుండా మానితే నోటీసు గురించి బడి ఆలోచించి తీరాలి. మొదటి నోటీసు 21 రోజుల్లో కడితే 80 పౌండ్లు, ఆ తరువాత 28 రోజుల లోపల అయితే 160. మూడేళ్ళలో అదే పిల్ల విషయంలో అదే తల్లికో తండ్రికో రెండవ నోటీసు వస్తే తగ్గింపు లేదు, 160 కట్టవలసిందే. మూడవసారి నోటీసు ఉండదు. కోర్టు విచారణ గానీ, మరో చట్టపరమైన చర్య గానీ ఉంటుంది.

ఈ మొత్తం ఇంటికి ఒకటి కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరికీ, ఒక్కొక్క పిల్ల కింద వేరువేరుగా వేయవచ్చు. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అది నాలుగు నోటీసులు; త్వరగా కడితే 320 పౌండ్లు, ఆలస్యమైతే 640. నోటీసు మీద అప్పీలు చేసుకునే హక్కు చట్టంలో లేదు. ఒప్పుకోనివారికి మిగిలేది కట్టకుండా ఉండి, కోర్టులో వాదించుకోవడమే. అయిదేళ్ళు నిండిన తరువాత వచ్చే టర్మ్ నుంచే నిర్బంధ వయస్సు మొదలవుతుంది కనుక, రిసెప్షన్ తరగతిలో ఇంకా అయిదేళ్ళు నిండని పిల్లకు ఈ సెక్షన్ వర్తించదు.

వీసాల మీద ఉన్న కుటుంబాలు ఒక తేడాను గమనించాలి. గడువులోగా కట్టిన పెనాల్టీ నోటీసు నేరనిర్ధారణ కాదు. కోర్టు దాకా వెళ్ళి దోషిగా తేలితే అది నేరనిర్ధారణ. శాశ్వత నివాసానికి, పౌరసత్వానికి పెట్టే దరఖాస్తుల్లో చెప్పవలసిన విషయం. నోటీసు వచ్చినప్పుడు ఊళ్ళో ఉండి, ఇంటికి వచ్చిన ఉత్తరాలు చూసుకోకపోవడం అన్న మామూలు అజాగ్రత్త ఈ రెండింటి మధ్య గీత దాటించగలదు. మరొకటి, సీటు. అనుమతి లేని గైర్హాజరు వరుసగా ఇరవై బడిరోజులకు చేరితే, బడీ కౌన్సిలూ కలిసి విచారించిన మీదట, కొన్ని షరతులకు లోబడి, పిల్ల పేరును రిజిస్టరు నుంచి తీసివేసే వీలుంది. మంచి పేరున్న బడిలో సీటు కోసం ఇల్లు మారిన కుటుంబాలకు జరిమానా కంటే ఇదే పెద్ద నష్టం.

నోటీసుల సంఖ్య తక్కువేమీ కాదు. 2023–24 విద్యాసంవత్సరంలో ఇంగ్లండ్‌లో దాదాపు 4.87 లక్షల నోటీసులు వెళ్ళాయి. వాటిలో పదింట తొమ్మిది అనుమతి లేని కుటుంబ సెలవుల గురించే.

పంచాంగానికీ టర్మ్‌కీ పొత్తు కుదరని చోట

విహారయాత్రకు వెళ్ళే కుటుంబం టర్మ్ మధ్యలో వెళ్ళడానికి ప్రధాన కారణం టికెట్ల ధర. తెలుగు కుటుంబాలకు ఆ కారణంతో పాటు మరొకటి ఉంది. రెండు క్యాలెండర్లు ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి.

ఇంగ్లండ్ బడులకు క్రిస్మస్ సమయంలో సుమారు రెండు వారాల సెలవు. ఆ రోజులు పూర్తిగా ధనుర్మాసంలో పడతాయి. తెలుగువారి ఇళ్ళల్లో ఆ నెలలో పెళ్ళిళ్ళు చేయరు. జనవరి మొదటి వారంలో బడులు తెరుస్తారు. సంక్రాంతి ఆ తరువాతి వారంలో వస్తుంది. మాఘ, ఫాల్గుణాల ముహూర్తాలకు ఫిబ్రవరిలో దొరికేది ఒక్క వారం హాఫ్ టర్మ్. వైశాఖ, జ్యేష్ఠాల్లో, అంటే పెళ్ళిళ్ళు దండిగా జరిగే రోజుల్లో, మే చివరన మరొక వారం. వేసవి సెలవులు జులై మూడవ నాలుగవ వారాల్లో మొదలవుతాయి. చాలా ఏళ్ళలో అది ఆషాఢం ముగిసే సమయం. కాబట్టి పెళ్ళికి వెళ్ళాలంటే సెలవులకు కలిసివచ్చేది ముఖ్యంగా శ్రావణమొక్కటే.

పిల్లల వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండవ వారం దాకా. ఇంగ్లండ్ పిల్లలు జులై చివర అమ్మమ్మ ఊరికి చేరేసరికి, అక్కడి పిన్నమ్మ పిల్లలూ మేనమామ పిల్లలూ పరీక్షల మధ్య ఉంటారు. పొద్దున్నే బస్సెక్కి సాయంత్రం ట్యూషను ముగించుకుని వస్తారు. ఆరు వారాల సెలవు ఉన్నా, ఆడుకునే తోడు ఆదివారం మాత్రమే దొరుకుతుంది. తెలుగు మాట్లాడటం పెద్దల పాఠాలకన్నా తోటిపిల్లల ఆటల్లోనే ఎక్కువగా అబ్బుతుంది కనుక, ఈ నష్టం చిన్నది కాదు. అమెరికా పిల్లలకు జూన్ మొదట్లో ఒకటి రెండు వారాలైనా కలిసివస్తాయి. ఏప్రిల్ నుంచి మార్చి వరకు విద్యాసంవత్సరం నడిచే గల్ఫ్ భారతీయ బడుల్లో జులై, ఆగస్టులు సెలవులు. అక్కడా ఇదే చిక్కు, పైగా అందరూ ఒకేసారి విమానమెక్కుతారు.

మరణం సంగతి మరీ క్లిష్టం. తాతగారు పోయారన్న కబురుతో బయలుదేరిన కుటుంబం దహనం నాటికి చేరలేకపోయినా, పెద్దకర్మ దాకా ఉండాలనుకుంటుంది. అది పది పదమూడు రోజుల మాట. అంత్యక్రియ అంటే ఒక పూట కార్యక్రమమని ఎరిగిన సమాజంలో రాసిన నియమాల ముందు ఈ వ్యవధిని విడమరిచి చెప్పుకోవలసి వస్తుంది. సన్నిహితుల మరణాన్ని అసాధారణ పరిస్థితిగా పరిగణించి సెలవు ఇచ్చే అధికారం హెడ్ టీచరుకు ఉంది. ఎన్ని రోజులన్నది మాత్రం వారి నిర్ణయమే. చట్టంలోని ‘తప్పించుకోలేని కారణం’ అన్న మినహాయింపు మీద ఆధారపడటం కష్టం. తల్లి జబ్బు పడితే ఇంటి పనులకోసం కూతురిని బడి మాన్పించిన 1949 నాటి కేసులో, ఆ కారణం పిల్లకు సంబంధించినదై ఉండాలని కోర్టు ఇరుకైన అర్థమే చెప్పింది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. పర్వదినం మినహాయింపు ఆ పండుగ రోజుకే. దీపావళి బడిరోజున వస్తే ఆ రోజు మానడానికి చట్టం రక్షణ ఇస్తుంది. దానిని పట్టుకుని పది రోజుల ప్రయాణం కట్టడానికి ఇవ్వదు.

జరిమానా ధరగా మారితే

ఇంత కఠినమైన పద్ధతి ఉన్నా నోటీసులు లక్షల్లో ఉండటానికి కారణాన్ని ఆర్థికశాస్త్రంలో ఒక ప్రసిద్ధ ప్రయోగం వివరిస్తుంది. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది శిశుసంరక్షణ కేంద్రాల్లో యూరీ నీజీ, ఆల్డో రుస్తికీనీ అనే పరిశోధకులు దాన్ని నిర్వహించి 2000లో ప్రచురించారు. సాయంత్రం పిల్లలను తీసుకువెళ్ళడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రుల మీద ఆరు కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు, పెరిగి, దాదాపు రెట్టింపయ్యాయి. జరిమానా తీసేసిన తరువాత కూడా పాత స్థాయికి దిగలేదు. అంతకుముందు ఆలస్యంగా వస్తే టీచరుకు ఇబ్బంది కలిగించామన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక ఆ అదనపు సమయం డబ్బిచ్చి కొనుక్కునే సేవగా మారిపోయింది.

ఇంగ్లండ్ పరిస్థితి దీనికి దగ్గరగానే ఉంది. విమాన సంస్థలు గిరాకీని బట్టి ధర మారుస్తాయి. బడులన్నీ ఒకేసారి మూతపడినప్పుడు గిరాకీ ఒకేసారి పెరుగుతుంది. నలుగురున్న కుటుంబం లండన్ నుంచి హైదరాబాదుకు వెళ్ళేటప్పుడు, సెలవులకు వారం ముందు బయలుదేరితే ఆదా అయ్యే మొత్తం 320 పౌండ్లు దాటితే, నోటీసు ఖర్చుల పద్దులో మరో అంకెగా మారుతుంది. ఆ అంకెను భరించగలిగినవారికి నియమం ధరగా కనిపిస్తుంది. భరించలేనివారికే అది నియమంగా మిగులుతుంది. మూడేళ్ళలో రెండు నోటీసులే అన్న 2024 పరిమితి ఈ లోపాన్ని ఉద్దేశించినదే. మూడవసారికి డబ్బుతో కొనుక్కునే దారి మూసివేసి, మళ్ళీ దాన్ని తప్పుగా నిలబెట్టే ప్రయత్నం అది.

దీనికి తలకిందులైన నమూనా ఆంధ్రప్రదేశ్‌లో అమలైంది. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి పథకం, పిల్లలను బడికి పంపే పేద తల్లుల ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు జమ చేసిన ఏర్పాటు. దానికి 75 శాతం హాజరు షరతు ఉండేది. ఒకచోట హాజరుకు తల్లికి డబ్బిచ్చారు, మరొకచోట గైర్హాజరుకు తల్లి నుంచి వసూలు చేస్తారు. రెండు చోట్లా హాజరుకు ఒక విలువ కట్టారు. తేడా ఎవరికి అందులో ఉంది: ఒకటి బడికి పంపడమే భారమైన ఇళ్ళ కోసం, రెండవది ఎక్కువగా చదువు విలువ ఎరిగి, ప్రయాణ స్తోమత ఉన్న ఇళ్ళ మీద.

తరగతి గది వైపు నుంచి

తల్లిదండ్రుల వాదం బలమైనదే. తొమ్మిదేళ్ళ పాపకు తాతమ్మ దగ్గర గడిపిన రెండు వారాలు ఏ పాఠ్యప్రణాళికకూ తక్కువ కావు. భారతీయ మూలాల పిల్లల సగటు గైర్హాజరు ఇంగ్లండ్ మొత్తం సగటు కంటే తక్కువే. ఎక్కువ మానే పిల్లలకు మార్కులు తక్కువగా వస్తాయని ప్రభుత్వం చూపే గణాంకాలు సంబంధాన్నే చూపుతాయి, కారణాన్ని నిరూపించవు. దీర్ఘరోగం, పేదరికం, ఇంట్లో కలతలు ఉన్న పిల్లలు ఎక్కువ మానుతారు, వారి మార్కులకూ ఆ కారణాలే అడ్డు. ఏడాదికి ఒకసారి ఊరికి వెళ్ళివచ్చే పాపను వారితో ఒకే గాటన కట్టడం సరికాదు.

అయితే ఈ వాదం ఒక్క పిల్లను మాత్రమే చూస్తుంది. టీచరు ముప్ఫైమందిని చూడాలి. ఇంగ్లండ్ ప్రభుత్వ బడుల్లో ఏడాదికి 190 రోజులు, అంటే 38 వారాలు. ముప్ఫైమంది పిల్లల తరగతిలో ప్రతి కుటుంబమూ తనకు వీలైన ఒక్కొక్క వారం ఎంచుకుంటే, ఆ 38 వారాల్లో 30 వారాలు ఎవరో ఒకరు లేని తరగతే నడుస్తుంది. భిన్నాల పాఠం మొదలైన సోమవారం లేని పిల్లకు మరుసటి వారం విడిగా చెప్పాలి. ఆ సమయం మిగిలిన ఇరవైతొమ్మిది మంది నుంచి వస్తుంది. ఏ ఒక్క కుటుంబపు నిర్ణయమూ విడిగా చూస్తే అసమంజసం కాదు. అన్నీ కలిస్తే మాత్రం తరగతి నడవదు. సుప్రీం కోర్టు తీర్పులో అన్నిటికన్నా బలమైన వాదం ఇదే. దానికి ‘మా పిల్ల బాగా చదువుతుంది’ అన్నది జవాబు కాదు.

కాలం కూడా మారింది. పది శాతం లేదా అంతకు మించి పూటలు మానే పిల్లలు కోవిడ్‌కు ముందు, 2018–19లో, ఇంగ్లండ్‌లో దాదాపు 11 శాతం. 2021–22 నాటికి వారు 22 శాతం దాటారు. ఆ పెరుగుదలకు కారణం విహారయాత్రలు కావు. జబ్బులు, ఆందోళన, బడి మీద సడలిన నమ్మకం. కానీ రోజూ బడికి రావడమన్న అలవాటే సడలుతున్నప్పుడు, ప్రభుత్వాలు సులువుగా లెక్కపెట్టగలిగే గైర్హాజరును ముందు పట్టుకుంటాయి. ముందుగా చెప్పి వెళ్ళిన కుటుంబానికి నోటీసు పంపడం తేలిక. గదిలోంచి బయటికి రాని పదిహేనేళ్ళ పిల్లవాడికి నోటీసు పంపినందువల్ల ఒరిగేది తక్కువ.

నోటీసు భయం తెచ్చిన మరో ఫలితం గురించి ఇళ్ళల్లో బాహాటంగా మాట్లాడుకోరు. సెలవు అడిగితే ఇవ్వరని, పాపకు జ్వరమని ఫోను చేసి విమానమెక్కే కుటుంబాలున్నాయి. ఎండకు కమిలిన ముఖంతో, చేతుల నిండా గోరింటాకుతో తిరిగి వచ్చిన ఏడేళ్ళ పాప ‘సెలవుల్లో ఏం చేశావు’ అన్న ప్రశ్నకు ఏం చెప్పాలో పెద్దలు ముందే నేర్పవలసి వస్తుంది. ఎనభై పౌండ్లు మిగిలించుకోవడానికి ఇంట్లో నేర్పిన ఆ అబద్ధం, మానిన అయిదు పాఠాల కంటే ఎక్కువ కాలం పిల్లకు గుర్తుంటుంది.

క్యాలెండరును కదిలించడం

ఇతర దేశాలు ఈ చిక్కును వేరువేరు దారుల్లో ఎదుర్కొంటున్నాయి. జర్మనీ ఇంగ్లండ్ కంటే కఠినం; 2018లో బవేరియాలోని మెమింగెన్ విమానాశ్రయంలో సెలవులకు ముందే బడిపిల్లలతో బయలుదేరుతున్న కుటుంబాలను పోలీసులు తనిఖీ చేయడం వార్త అయింది. అదే జర్మనీ తన రాష్ట్రాల వేసవి సెలవులను ఒకేసారి రాకుండా విడగొడుతుంది. ఫ్రాన్స్ దేశాన్ని మూడు మండలాలుగా చేసి శీతాకాలపు, వసంతకాలపు సెలవులను వారాల తేడాతో ఇస్తుంది. అందరూ ఒకేరోజు బయలుదేరకపోతే ధరల ఒత్తిడి తగ్గుతుందన్నది వెనకున్న ఆలోచన.

అమెరికాలో దేశమంతటికీ ఒకే చట్టం లేదు. రాష్ట్రాన్ని, డిస్ట్రిక్టును బట్టి నియమం మారుతుంది. అక్కడ విస్తృతంగా వాడే కొలమానం ప్రకారం పది శాతం రోజులు మానితే దీర్ఘకాలిక గైర్హాజరు. 180 రోజుల ఏడాదిలో అది 18 రోజులు. మూడు వారాల భారతదేశ ప్రయాణమంటే 15 రోజులు. ఆ తరువాత ఆ ఏడాదిలో రెండు జ్వరాలకు చోటుండదు. బడులకు నిధులు సగటు రోజువారీ హాజరును బట్టి ఇచ్చే కాలిఫోర్నియాలో, ప్రయాణంలో ఉన్నప్పుడు నిర్దేశించిన పని చేసి తెచ్చే ‘ఇండిపెండెంట్ స్టడీ’ ఒప్పందం ఒక మధ్యేమార్గం. 2023లో వచ్చిన చట్టంతో న్యూయార్క్ నగర ప్రభుత్వ బడులకు దీపావళి సెలవుదినమైంది. హాప్ కోతల కోసం కెంట్ బడులు జరిగినట్టే, ఈ కాలపు జనాభా కోసం కూడా క్యాలెండర్లు కొంత జరుగుతాయని ఇది చూపుతుంది. ఆ మార్పు అడిగినవారు ఉండబట్టే వచ్చింది.

ఇంగ్లండ్‌లో అడగగలిగిన చోట్లు దగ్గరలోనే ఉన్నాయి. అకాడమీ బడులు తమ టర్మ్ తేదీలను తామే నిర్ణయించుకోగలవు. మిగిలిన చాలా బడులకు కౌన్సిల్ నిర్ణయిస్తుంది. అక్టోబరు హాఫ్ టర్మ్ ఏ వారం ఉండాలన్నది ఒక వారం అటూ ఇటూ అయినా, దీపావళి లోపల పడవచ్చు, బయట పడవచ్చు. గవర్నర్ల బోర్డులో తల్లిదండ్రుల ప్రతినిధులకు స్థానం ఉంటుంది. నోటీసు వచ్చిన తరువాత చేసే వాదన కంటే, తేదీలు ఖరారు కాకముందు ఆ బల్ల దగ్గర చెప్పే మాటకు విలువ ఎక్కువ.

అప్పటిదాకా కుటుంబాలకు మిగిలే దారి వెనకటిదే: ముందుగా, రాతపూర్వకంగా, ఉన్న కారణం ఉన్నట్టుగా అడగడం. మేనత్త పెళ్ళి తేదీ, అక్కడ పాప పాల్గొనే క్రతువు, తిరుగు ప్రయాణం టికెట్టు, మానే రోజుల సంఖ్య చెప్పి అడిగితే, అయిదు రోజులు అడిగిన చోట రెండు రోజులకైనా అనుమతి రావచ్చు, రాకపోవచ్చు. రాకపోయినా వెళ్ళాలని నిశ్చయించుకున్నవారు దాని వెల ఏమిటో, అందులో ఎంత డబ్బుదో, ఎంత తరగతిలోని మిగిలిన పిల్లలదో తెలిసి వెళతారు. తిరిగి వచ్చిన పాప బడిలో తన ప్రయాణం గురించి నిజం చెప్పగలుగుతుంది.